గవర్నరు గారి చేతిరాత

పోయిన గురువారం సాయంత్రం నర్సమ్మ బండి దగ్గర నాలుగు బయాజోలు కట్టించుకున్నాను. బయాజో అంటే మన పప్పు వడే. ఇంటికి తెచ్చి పొట్లం విప్పితే, నూనె పీల్చుకున్న కాగితం మీద తెలుగు అక్షరాలు కనిపించాయి. “ముందు గొడుగు దిగింది, ఆ తర్వాత గవర్నరు దిగాడు” అన్న ఒక్క వాక్యం చదవగలిగాను. మిగతాది మరకలో కలిసిపోయింది. తిరగేస్తే వెనకవైపు ఇంకా పాత సిరాతో ‘జననాలు’ అన్న శీర్షిక, దాని కింద ఎవరింట్లోనో ఆడపిల్ల పుట్టిన వార్త.

ఆ చేతిరాత నాకు నలభై ఏళ్లుగా తెలుసు. వెనకనుంచి గాలి తోస్తుంటే నిలదొక్కుకునే మనిషిలా అక్షరాలు కొంచెం వెనక్కి వాలి ఉంటాయి. పంక్తికీ పంక్తికీ మధ్య ఇంకో పంక్తి పట్టేంత చోటు ఉంటుంది. “దిద్దుకోడానికి జాగా ఉండాల తమ్ముడూ. జాగా వొదలనోడు తప్పు ఒప్పుకోడు” అనేవారు. వడలు చల్లారిపోయాయి. ఆ కాగితాన్ని పాత పత్రికల మధ్య పెట్టి నూనె అద్దాను.

ఆయన పేరు రాయను. బతికున్న రోజుల్లోనూ మా వీధిలో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పిల్లలకు గవర్నరు తాత, పెద్దలకు గవర్నరు గారు. మిగతావాళ్ల పేర్లు, ఒక్కటి తప్ప, మార్చాను. వీధి ఏదో కూడా చెప్పను. రంగూన్ రైల్వే స్టేషను వెనక, మింగళ తౌంగ్‌న్యున్‌లో, మనవాళ్లు మూడు నాలుగు తరాలుగా ఉంటున్న వీధుల్లో ఒకటి అనుకుంటే చాలు.

ఒకప్పుడు మేమిద్దరం ఒక ఇంగ్లీషు దినపత్రికలో పనిచేశాం. నేను విలేకరిని, ఆయన ప్రూఫులు దిద్దేవారు. చెవి మీద ఎర్ర పెన్సిలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు తక్కువ. ఆ పెన్సిలుకు ఆఫీసు, ఇల్లు అన్న తేడా లేదు. టీ కొట్టులో కూర్చుంటే గోడమీది ధరల పట్టిక దిద్దేవారు. మందుల కాగితం దిద్దేవారు. ఎవరైనా పెళ్లి పిలుపు కార్డు ఇస్తే అక్కడికక్కడే దిద్ది, పెళ్లికూతురి తండ్రి చేతికి తిరిగి ఇచ్చి, “సుభం. తప్పకొస్తాను” అనేవారు. ఎవరికీ కోపం వచ్చేది కాదు. వచ్చినా ఆయనకు తెలిసేది కాదు. దిద్దడమే ఆయన మర్యాద చూపించే పద్ధతి.

ఆయన ఉండేది నాలుగో అంతస్తులో. రంగూన్ పాత మేడల్లో లిఫ్టులు ఉండవు కాబట్టి ప్రతి వరండా నుంచి ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. తాడు చివర ఒక క్లిప్పు, పైన ఒక చిన్న గంట. పేపరు కుర్రాడు పేపరు క్లిప్పుకు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంటివాళ్లు పైకి లాక్కుంటారు. ఈయన తాడుకు మాత్రం పేపర్లకంటే చీటీలు ఎక్కువ వచ్చేవి. ఆ చీటీలే ఆయన పత్రికకు వార్తలు.

అవును, ఆయనకొక పత్రిక ఉండేది. వారానికి ఒక్క పెద్ద కాగితం. చేత్తో రెండు ప్రతులు రాసి, ఒకటి తెలుగు సంఘం హాలు గోడకు అంటించేవారు, రెండోది ఇంట్లో దాచుకునేవారు. సంఘం అధ్యక్షుడు హాలు తాళం ఎందుకు తన అల్లుడి దగ్గర పెట్టాడో, రేవు దగ్గర బోటాటౌంగ్ గోడౌన్లలో మనవాళ్లను పనిలోంచి ఎందుకు తీసేశారో అందులో ఉండేది. కాని అందరూ ముందు చదివేది అడుగున ఉన్న ‘జననాలు’. “ఆడపిల్ల, మంగళవారం, దీపాలెట్టే వేళ” అని ఒక చీటీ క్లిప్పుకు తగిలిస్తే చాలు. అయితే చీటీని నమ్మి వార్త వేసేవారు కాదు. మర్నాడు స్వయంగా ఆ ఇంటికి వెళ్లి, బిడ్డను చూసి, తల్లిని వేళ అడిగి, అప్పుడు రాసేవారు. కళ్లతో చూడని బిడ్డను ఆయన పత్రిక పుట్టించలేదు. అలా మా వీధుల్లో యాభై ఏళ్ల లోపు ఎవరు ఏ రోజు ఏ పూట పుట్టారో ఆయనకు కంఠతా వచ్చు.

ఇక ఆయనకు గవర్నరు అన్న పేరు వచ్చిన సంగతి. ఆయన తాత యానాం మనిషి. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్లది. అక్కడ దొర బంగళాలో నౌకరుగా ఉండి, కాకినాడలో ఓడెక్కి, రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. రావడానికి ముందు ఒకసారి పుదుచ్చేరి నుంచి గవర్నరు యానాం వస్తే గొడుగు పట్టాడట. ఆ గవర్నరు స్వదేశంలో పత్రిక నడిపినవాడు. తన సర్కారు దేశాల మీదికి పంపే గవర్నర్ల గురించి, వాళ్ల దర్బార్ల గురించి రాసి రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరుతో ఎన్నికల్లో గెలిచి వాళ్ల పార్లమెంటులో కూర్చున్నాడు. మరుసటి ఎన్నికల్లో ఓడిపోతే, అదే సర్కారు ఆయన్నే గవర్నరుగా ఓడెక్కించింది.

ఆ దొర యానాంలో ఉన్న ఒక్క పూటలో జరిగిన సంగతి మా పెద్దాయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. కాలవలో నీళ్లు వదలమని రైతులు ఫ్రెంచిలో ఒక అర్జీ రాయించి ఇచ్చారు. గవర్నరు నిలబడే చదివాడు. జేబులోంచి పెన్సిలు తీశాడు. అర్జీ పొడుగునా తప్పులు దిద్దాడు. “ఇప్పుడు బాగుంది” అని రైతు చేతికే తిరిగి ఇచ్చేసి పడవెక్కాడు. నీళ్ల మాట ఎత్తలేదు. ఇది చెప్పినప్పుడల్లా మా పెద్దాయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవారు. ఎర్ర పెన్సిలు చెవిమీద కదిలేది. ఆ కథ చెప్పి చెప్పి ఆయనకే గవర్నరు అన్న పేరు పడింది.

ఆ గవర్నరు జీవితచరిత్ర తెలుగులో రాయాలని ఆయన పట్టుదల. ఆధారాలు మూడు: తాత చెప్పిన మాటలు, పాన్‌సోడాన్ వీధి పేవ్‌మెంటు మీద దొరికిన కొన్ని పాత ఫ్రెంచి పత్రికలు, అక్కడే కొన్న ఒక నిఘంటువు. నిఘంటువుకు వెనక అట్ట, దానితో పాటు ‘ఆర్’ తర్వాతి అక్షరాలన్నీ పోయాయి. ఆపైన మాటలకు కాథలిక్ చర్చిలో ఉండే ఒక ముసలి సిస్టరు దగ్గరికి నడిచి వెళ్లేవారు. ఆవిడ పోయాక ఊహించి రాయడం మొదలుపెట్టారు. “ఆర్ దాకా ఆ దొర మాట. ఎస్సు కాణ్ణించి నాను సెప్పినట్టు ఇంటాడు” అనేవారు. కాగితం కొనే స్తోమత లేక, దాచుకున్న గోడ పత్రిక ప్రతుల వెనక ఖాళీ వైపున రాసేవారు. ఒకవైపు మా వీధి జననాలు, రెండోవైపు ఫ్రెంచి గవర్నరు.

పత్రిక నడిపిన రోజులు రాశారు, ఎన్నికలు రాశారు, ఓడ ప్రయాణం రాశారు. అక్కడ ఆగిపోయారు. చాలా ఏళ్లు అక్కడే ఆగి ఉన్నారు. “కుర్సీలో కూకున్న మొదటి దినం ఆడేటి సేసుంటాడు తమ్ముడూ? తన పాత రాతలు గుర్తొచ్చుంటాయా? అది తెలకండా ఎలగ రాసీది?” అని నన్నే అడిగేవారు. 

ఆయన కూడా ఒకసారి కుర్చీలో కూర్చున్నారు. సంఘం ఎన్నికల్లో నిలబడి అధ్యక్షుడయ్యారు. పాత అధ్యక్షుడి మీద అన్నేళ్లు రాసిన మనిషి కాబట్టి జనం ఉత్సాహంగా గెలిపించారు. ఆ ఏడాది గోడ పత్రిక క్రమం తప్పకుండా వచ్చింది. వానల గురించి, బియ్యం ధర గురించి, జననాల గురించి. సంఘం గురించి ఒక్క ముక్క లేదు. హాలు ముందు నిలబడి చదివేవాళ్లలో ఒకరు, “ఏటి, తాళం దొరికీసినట్టుంది, రాత ఆగిపోనాది” అన్నారు. ఆయన విన్నారు. ఏడాది పూర్తికాగానే దిగిపోయి, మళ్లీ నిలబడలేదు. పత్రిక కూడా కొన్నాళ్లకు ఆగిపోయింది. గోడకు రంగు వేయించాలన్నది వంక.

ఇవన్నీ పాత సంగతులు. ఇప్పుడు చెప్పేది ఈ మధ్య సంగతి.

మా ఊళ్లో వార్డు ఆఫీసు కింద ప్రతి వంద ఇళ్లకు ఒక పెద్ద ఉంటాడు. రాత్రి ఇంట్లో చుట్టం ఉంటే ఆయనకు చెప్పాలి, ఇల్లు మారితే ఆయన సంతకం కావాలి. ఈ ఐదారేళ్లుగా ఆ పని ఎవరికీ వద్దు. అటువాళ్లకు భయపడాలి, ఇటువాళ్లకూ భయపడాలి. మా వంద ఇళ్ల పెద్ద ఒక పొద్దున చెప్పాపెట్టకుండా కుటుంబంతో ఊరు వదిలి వెళ్లిపోయాడు. బర్మీసు అందంగా రాస్తాడు, అందరూ తెలుసు, ఇంట్లో ఒక్కడే అని వార్డు ఆఫీసు వాళ్లు మా గవర్నరు గారిని పిలిపించారు. ఆయనకప్పుడు డెబ్భై దాటాయి. వద్దని చెప్పండి అన్నాను. “నాను కాదంతే ఇంకోడొస్తాడు. ఆడు మనోళ్లని అమ్మీడూ?” అన్నారు. “ఆ దొరా ఇదే మాటనుంటాడు” అని నవ్వారు. అప్పటినుంచి గవర్నరు గారు అన్న మాటలో ఎగతాళి తగ్గి, జాగ్రత్త మొదలైంది. నలుగురు మాట్లాడుకుంటున్న చోటికి ఆయన వస్తే మాట వానల మీదికి మళ్లేది.

ఆ తర్వాత సైన్యంలోకి తీసుకునే చట్టం వచ్చింది. ఎవరి యుద్ధం, ఎందుకు యుద్ధం అన్నది ఇక్కడ రాయను. రాయకుండా ఉండడం నాకు పాత అలవాటు. పద్ధెనిమిది నుంచి ముప్పై ఐదు లోపు మగవాళ్ల జాబితాలు వంద ఇళ్ల పెద్దలే తయారుచేయాలన్నారు. ప్రతి ఇంటి పట్టీ, అంటే ఇంట్లోవాళ్ల పేర్లూ వయసులూ ఉండే సర్కారు కాగితం, చూసి, పేరు, వయసు ఎక్కించాలి. దాన్నుంచి వార్డు ఆఫీసు ఈ విడతకు ఇంతమంది అని పేర్లు తీసి తలుపు మీద అంటిస్తుంది.

ఆయన వారం రోజులు కూర్చుని ఆ జాబితా రాశారు. మూడో రోజున నేను పైకి వెళితే బల్ల మీద జాబితా ఒక్కటే ఉంది. ఇళ్ల పట్టీల కట్ట మూలన, దారం విప్పకుండా ఉంది. చూసి రాయడం లేదా అన్నాను. “ఎందుకు? ఈళ్లందర్నీ పురిట్లో సూసినోణ్ణి నాను” అన్నారు. అందులో కొంత గర్వం ఉంది. ఆ మాటకు నేను కూడా నవ్వాను. అక్కడ నేను అడ్డుపడవలసింది. నాకు తట్టలేదు.

నర్సమ్మ కొడుకు సంగతి మా వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆమెకు మొదట ఒక పిల్లాడు పుట్టి, ఏడాది తిరక్కుండా పోయాడు. మనలాంటివాళ్లకు ఈ దేశంలో పుట్టుక కాగితం సంపాదించడం ఎంత కష్టమో ఇక్కడ పుట్టినవాళ్లకే తెలుసు. ఆ పోయిన బిడ్డకు కాగితం వచ్చి ఉంది. మూడేళ్లకు రెండోవాడు పుడితే, అన్న పేరే పెట్టి, అన్న కాగితం మీదే పెంచారు. ఇలా పెరిగినవాళ్లు మాలో ఇంకా ఉన్నారు. కాబట్టి కాగితం ప్రకారం అతనికి ముప్పై ఏడు. నిజానికి ముప్పై నాలుగు. బోటాటౌంగ్‌లో లారీల బ్రేకులు బాగుచేస్తాడు, పెళ్లి కాలేదు, తల్లికి ఆధారం అతనే. ఇంటి పట్టీ చూసి రాస్తే ఆ పేరు జాబితాలోకి రానే రాదు.

గవర్నరు గారు ముప్పై నాలుగు అని రాశారు. పేరు తలుపు మీదికి వచ్చింది.

ఆ సాయంత్రం నేను ఆయనింట్లోనే ఉన్నాను. గంట మోగింది. వరండాలోకి వెళ్లి చూస్తే కింద నర్సమ్మ నిలబడి ఉంది. చేతికి శనగపిండి. పైకి రాలేదు. క్లిప్పుకు ఒక కాగితం తగిలించి ఉంది. ఆయన తాడు లాగారు. వాళ్ల ఇంటి పట్టీ నకలు. వయసు దగ్గర వేలితో నొక్కిన పిండి మరక.

“మావోడికి ముప్పై ఏడు గవర్నరు గారూ. మీకు తెల్దా?” అంది కిందనుంచి. గొంతు పెంచలేదు. వీధి నిశ్శబ్దంగా ఉండడం వల్ల వినిపించింది.

ఆయన వరండా కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. “తెల్సు గనకే అలగ రాసినాను” అన్నారు. అది ఆమెకు వినబడలేదు. నాకు వినబడింది.

“నూనె కాగుతంది, నానెల్తాను. మీ రాత మీరే దిద్దండి” అని ఆమె బండి వైపు వెళ్లిపోయింది.

ఆయన లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆ పట్టీని, జాబితా చిత్తుప్రతిని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. “నిజమే రాసినాను తమ్ముడూ” అన్నారు. నన్ను ఒప్పించడానికి కాదు. ప్రూఫు చదివేటప్పుడు పైకి చదువుకునే గొంతుతో అన్నారు.

మర్నాడు ఆయన వెంట నేనూ వార్డు ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా చిన్నవాడు, మర్యాదస్తుడు. ‘ఊలే’ అని, అంటే బాబాయ్ అని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అతను బర్మీసులో చెప్పింది ఇది: కాగితం ఒకటి చెబుతోంది, జాబితా ఒకటి చెబుతోంది, రెంటిలో ఒకటి తప్పు. కాగితం తప్పయితే ఫైలు పై ఆఫీసుకు పోతుంది, ఆ ఇంటి పట్టీ మొత్తం తిరగదోడతారు. జాబితా తప్పయితే రాసినవారు ఒప్పుకుని సంతకం చేయాలి. ఏదో చెప్పండి బాబాయ్, అన్నాడు.

జాబితాదే తప్పు అన్నారు ఆయన. గుమాస్తా అప్పటికప్పుడు నాలుగు ముక్కలు టైపు చేసి ఇచ్చాడు: వయసు పైబడి జ్ఞాపకశక్తి తగ్గిన కారణంగా తప్పు రాశాను, చింతిస్తున్నాను. అందులో రెండు అక్షర దోషాలు ఉన్నాయి, నాకే కనిపించాయి. ఆయన చెయ్యి చెవి మీదికి వెళ్లింది. పెన్సిలు తీశారు. మళ్లీ చెవి మీదే పెట్టేసి, బల్ల మీద ఉన్న పెన్నుతో సంతకం చేశారు. నేను చూస్తుండగా ఆయన తప్పులు దిద్దకుండా వదిలేసిన కాగితం అదొక్కటే. మొత్తం జీవితంలో తప్పు రాశానని ఒప్పుకుని ఆయన వేసిన సవరణ కూడా అదొక్కటే. ఆ సవరణలో నిజం లేదు.

పని అయిపోయిందని లేవబోయాం. గుమాస్తా తలుపు మీంచి జాబితా తెచ్చి బల్ల మీద పరిచాడు. సంఖ్య తగ్గకూడదట. ఒక పేరు కొడితే ఒక పేరు ఎక్కాలి, ఆ వంద ఇళ్లలోంచే ఎక్కాలి, ఆ పెద్దే రాయాలి. ఇప్పుడే కరెంటు పోయింది, టైపు చెయ్యలేను, చేత్తో రాసేయండి, మీ రాత బాగుంటుంది అన్నాడు.

ఆయన నర్సమ్మ కొడుకు పేరు మీద గీత గీశారు. కొంతసేపు పెన్ను కాగితం మీద పెట్టకుండా పట్టుకున్నారు. తర్వాత పక్కన రాశారు. అది దానియేలు పేరు. రెండు ఇళ్ల అవతల ఉండే ఎస్తేరమ్మ కొడుకు. బట్టల ఫ్యాక్టరీలో కటింగు మాస్టరు, ఇరవై ఆరేళ్లు, ఆదివారం మా బాప్టిస్టు చర్చిలో డోలు వాయించేవాడు. తండ్రి లేడు.

మెట్లు దిగుతూ ఎందుకు అతనే అని అడిగాను. “వరస” అన్నారు. చిత్తుప్రతిలో వరసలో తర్వాతి పేరు అదేనట. కింది మెట్టు దగ్గర ఆగి గోడ పట్టుకున్నారు. “పత్రికలో ఒక పేరు తీసెత్తే ఆ జాగా కాళీగుంటాది తమ్ముడూ. ఈళ్ల కాయితంలో కాళీ ఉండదు” అన్నారు.

దానియేలును మింగళాడోన్ సైనిక శిబిరానికి తీసుకెళ్లారు. ఎస్తేరమ్మ రెండుసార్లు బస్సెక్కి అన్నం, ఎండు చేపల వేపుడు పట్టుకెళ్లి గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చింది. తర్వాత అక్కడినుంచి కూడా ఎక్కడికో పంపారు. కబురు లేదు.

ఆ వారం నుంచి గవర్నరు గారు ప్రతి ఆదివారం చర్చి వదిలే వేళకు ఎస్తేరమ్మ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టారు. గుమ్మం పక్కన దానియేలు ప్లాస్టిక్ స్టూలు ఒకటి ఉండేది, దాని మీద కూర్చునేవారు. ఆమె టీ ఇచ్చేది. ఆయన గ్లాసు చేత్తో తిప్పుతూ ఉండేవారు. ఒకటి రెండుసార్లు నేనూ వెంట ఉన్నాను. ఏదో చెప్పబోయినట్టు గొంతు సవరించుకోవడం, ఆమె తలెత్తడం, ఆయన టీ ముగించి లేవడం. వీధిలో ఆయనకు మంచి పేరు వచ్చింది. అధికారంలో ఉండి కూడా బిడ్డ దూరమైన తల్లిని పలకరిస్తున్నాడని. ఆ మాట అన్నవాళ్లను ఆయన అక్కడే వదిలేసి నడిచిపోయేవారు.

నర్సమ్మ కొడుకు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు, పనికి వెళ్తున్నాడు. తల్లి గవర్నరు గారికి వారానికి రెండుసార్లు బయాజోలు పొట్లం కట్టి క్లిప్పుకు తగిలించేది. ఆయన లాక్కునేవారు కాదు. సాయంత్రం దాకా పొట్లం తాడుకు వేలాడుతూ ఉండేది, కాకులు తినేవి.

ఒకరోజు నేను వెళ్లేసరికి గోడ పత్రికల కట్ట తాడుతో కట్టి గుమ్మంలో పెట్టి ఉంది. నర్సమ్మకు ఇచ్చేస్తాను, పొట్లాలకు పనికొస్తాయి అన్నారు. అందులో గవర్నరు పుస్తకం ఉందని గుర్తుచేశాను. “జననాలు కూడా ఉన్నాయి. ఎవుడైనా సూత్తే ఇంకెంతమంది వయసులు బయట పడతాయో. ముక్కలై నూనె తాగీసినాక ఎవుడూ కలిపి సదవలేడు” అన్నారు. అది నిజమే. అన్న కాగితం మీద, చెల్లెలి కాగితం మీద పెరిగినవాళ్లందరి అసలు పుట్టిన రోజులు ఆ కట్టలో ఉన్నాయి. మరి కుర్చీలో మొదటి రోజు రాయరా అని అడిగాను. “అదింక రాయక్కర్లేదు” అన్నారు. కట్ట నేనే నాలుగు అంతస్తులు దింపాను.

వానాకాలంలో జ్వరంతో పోయారు. వంద ఇళ్ల పెద్ద పోతే జనం పెద్దగా రారు, ఎవరు గమనిస్తారో అన్న భయం. వచ్చిన కొద్దిమందిలో నర్సమ్మ కొడుకు ఉన్నాడు, పాడె ముందు కొమ్ము పట్టాడు. ఎస్తేరమ్మ కూడా వచ్చింది. కొంచెం దూరంలో గొడుగు వేసుకుని చివరిదాకా నిలబడింది.

ఇక్కడిదాకా శనివారం రాత్రికి పూర్తిచేశాను. ఆదివారం, ఆయన వెళ్లే వేళకు, ఎస్తేరమ్మ ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు స్పష్టంగా తెలియదు. ఆయన పోయినప్పటినుంచి ఆదివారాలు ఆ గుమ్మం ముందు నడుస్తూ ఆ స్టూలు ఖాళీగా చూడడం కష్టంగా ఉంది. ఆమె టీ పెట్టింది.

“ఆయన మీద ఏటో రాస్తన్నారంట గదా అన్నా. మాటాడ్డమే గాని నాకు తెలుగు సదవడం రాదు. సదివి ఇనిపించండి” అంది.

కాగితాలు సంచిలోనే ఉన్నాయి. చదివాను. పెళ్లి కార్డు దగ్గర నవ్వింది, ఫ్రెంచి దొర అర్జీ దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సమ్మ గంట మోగించిన చోట తల వంచుకుంది. వార్డు ఆఫీసులో సంతకం దాకా వచ్చి నేను కాగితాలు మడిచాను. ఇంతవరకే అయింది అన్నాను. ఆమె నా చేతిలో గ్లాసు తీసుకుంది.

“గవర్నరు గారు కూడా ఆడికొచ్చీసరికే లెగిసిపోయేవోరు” అంది.

లోపలికెళ్లి ఫోను తెచ్చి నా ముందు పట్టుకుంది. వార్డు ఆఫీసు తలుపు ఫోటో. టైపు చేసిన పేర్ల మధ్య ఒక కొట్టివేత, దాని పక్కన చేత్తో రాసిన దానియేలు పేరు. బర్మీసు అక్షరాలే గాని, కొంచెం వెనక్కి వాలి ఉన్నాయి. చుట్టూ ఇంకో పేరు పట్టేంత జాగా ఉంది.

“మావోడి బాప్తిస్మం కాయితం రాసింది ఆయనే. ఇస్కూల్లో ఏసినప్పుడు అర్జీ రాసిందీ ఆయనే. ఆ సేతిరాత నాకు తెల్దా?”

మరి ఆయన్ని ఎందుకు అడగలేదని అన్నాను.

“తన నోటితో సెప్తారని సూసినాను. పద్నాలుగు ఆదివారాలు టీ ఎట్టినాను అన్నా.” ఫోను చీర కొంగుతో తుడిచింది. “నర్సమ్మ బండికాడికి ఎల్లడం మానీసినాను. ఆయనకి టీ ఇవ్వడం మాన్లేకపోనాను.”

బయట జనరేటరు మొదలైంది. ఆమె తలుపు కొంచెం దగ్గరికి వేసి, నా ఎదురుగా దానియేలు స్టూలు మీద కూర్చుంది.

“మీరు రాసిందాంట్లో మావోడి పేరుందా?”

ఉంది అన్నాను.

“ఐతే ఆ కాయితం సదవండి.”

సంచిలోంచి మిగిలిన కాగితాలు తీసి, ఆపిన చోటి నుంచి చదివాను.